తను పోతానన్నాడు: ఒక వాక్యాన్ని ఊరూరా అడగడం ఎలా

(కడపలో తెలుగు, భాషాశాస్త్ర పరిశోధక విద్యార్థుల ముందు చేసిన ప్రసంగం. చివర్లో వచ్చిన ఒక ప్రశ్న, దాని జవాబు కూడా ఉన్నాయి.)

అందరికీ నమస్కారం. బోర్డు మీది వాక్యం వెనక వరసకు కూడా కనబడుతోందనుకుంటాను. ‘రంగడు తను వస్తానని చెప్పినాడు.’ ఈ గంటంతా మన పని ఈ వాక్యంతోనే.

ఇలాంటివి మీరు రోజూ పేపర్లో చదువుతారు. ‘తాను రాజీనామా చేయనని మంత్రి స్పష్టం చేశారు’, ‘తాను పోటీ చేస్తానని ఆయన ప్రకటించారు’. చదివి పేజీ తిప్పేస్తాం. ఒక్కసారి ఆగి కర్తను చూడండి. ‘తను’ ప్రథమ పురుష. క్రియ చివర చూడండి. ‘వస్తాను’, ఉత్తమ పురుష. కర్తకూ క్రియకూ పురుష కలవాలని బళ్ళో చదువుకున్నాం కదా! ‘తను వస్తాను’ అని విడిగా ఎవరన్నా అంటారా? అనరు. అదే మాట ‘అని’ ముందుకు చేరగానే ఎవరికీ చెవిన గుచ్చుకోదు.

రంగడి మాటను ఉన్నదున్నట్టు అప్పజెప్పాం, అంతే కదా అని కొందరు తేల్చేస్తారు. అదైతే ‘నేను’ రావాలి. రంగడు ‘నేనొస్తా’ అన్నాడు గానీ ‘తనొస్తా’ అనలేదు. ఇంకో పరీక్ష చూడండి. రంగడు సోమవారం నాడు ‘రేపు పోతా’ అన్నాడు. గురువారం మనం ఆ సంగతి చెప్పుకుంటూ ‘రంగడు తను మంగళవారమే పోతానని చెప్పినాడు’ అంటాం. ‘మంగళవారం’ మన మాట. ‘తను’ మన మాట. క్రియ చివరి ‘ను’ ఒక్కటే రంగడిది. ప్రశ్న వేసి చూసినా అంతే. ‘రంగడు తను ఎవర్ని పిలుస్తానని చెప్పినాడు?’ అంటే ‘సుబ్బన్నను’ అని జవాబొస్తుంది. అడిగింది మనం, రంగడు కాదు. అప్పజెప్పిన మాటలోపలి ప్రశ్నకు ఈ శక్తి ఉండదు. ‘నేనెవర్ని పిలవాల?’ అన్నాడు రంగడు అంటే ఆ ప్రశ్న రంగడి దగ్గరే ఉండిపోతుంది.

తమిళంలోనూ ఈ తీరుంది: ‘తాన్ వరువేన్ను సొన్నాన్’. అందుకే ప్రపంచంలో వాక్యనిర్మాణం చదివేవాళ్ళు మన వైపు చూస్తున్నారు. వివరణలు ముఖ్యంగా రెండు. ‘అని’ కింది ఉపవాక్యంలో కనబడని ‘పలికినవాడు’ ఒకడుంటాడు, క్రియ వాడితో పొత్తు కలుపుతుంది అనేది ఒకటి. ఆ చోట ‘తను’ పైకి ప్రథమ పురుషగా కనిపించే ఉత్తమ పురుషే అనేది రెండోది. ఏది నిజమో కుర్చీలో కూర్చుని తేల్చలేం. ‘చెప్పు’, ‘అను’ దాటి ‘అనుకొను’, ‘విను’, ‘తెలియు’ దాకా అడగాలి. ‘రంగనికి తను గెలిచినానని తెలిసింది’ అంటారా, ‘గెలిచినాడని తెలిసింది’ అంటారా? ఒకే మనిషి రెండూ అంటే అర్థంలో తేడా ఏమిటి? అసలు పని అక్కడుంది.

ఇక పోల్చడం గురించి. తెలుగును డచ్చితోనో జపనీసుతోనో పోలిస్తే వంద తేడాలు కనిపిస్తాయి. ఏ తేడా వల్ల ఏది జరిగిందో విడదీయలేం. ఒకటి తప్ప అన్నీ కలిసే రెండు పక్క ఊళ్ళ మాటలు దొరికితే, మారిందేమిటో, దాంతో పాటు ఇంకేం కదిలిందో చూడొచ్చు. రిచర్డ్ కేన్ లాంటి వాక్యనిర్మాణ పండితులు సూక్ష్మ తులన మీద, అంటే దగ్గరి మాటల్ని పోల్చడం మీద, అంత పట్టుపట్టింది ఇందుకే. ప్రయోగశాలకు దగ్గరగా వచ్చే పద్ధతి వాక్యనిర్మాణంలో ఇదొక్కటే అని నా నమ్మకం.

ఆ ప్రయోగశాల మన ఇంటి వాకిట్లోనే ఉంది. మడకశిర వైపు కన్నడం ఇంటి భాషగా ఉన్నవాళ్ళు తెలుగు బళ్ళో చదువుతారు. సరిహద్దు దాటితే తుమకూరు జిల్లా పావగడలో తెలుగు ఇంటి భాషగా ఉన్నవాళ్ళు కన్నడ బళ్ళో చదువుతారు. మైదుకూరు వైపు ఇల్లూ బడీ రెండూ తెలుగే. ఈ మూడూ పక్కపక్కన పెడితే ఇంటి ప్రభావం వేరు, బడి ప్రభావం వేరు చేయడానికి దారి దొరుకుతుంది. వీటికి రాయదుర్గం, ఆలూరు కలపండి. ఆలూరు, ఆదోని, రాయదుర్గం తాలూకాలు 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడేదాకా బళ్ళారి జిల్లావి. రాష్ట్రం గీత పడిన నాటికే అవ్వాతాతల పెండ్లిండ్లు అటూ ఇటూ జరిగిపోయినాయి. కాబట్టి మాట తీరు మారే గీత మ్యాపులోని గీత మీదే ఉంటుందని ముందే అనుకోవద్దు.

మనకు ముందు జరిగిన పని రెండు ముక్కల్లో. బ్రిటిషు కాలంలో గ్రియర్సన్ దొర చేయించిన భారతీయ భాషా సర్వేలో ద్రావిడ, ముండా భాషల సంపుటం 1906లో వచ్చింది. ప్రతి భాషలోకీ బైబిల్లోని తప్పిపోయిన కుమారుడి కథను అనువదింపజేశారు. ఒకే కథ కాబట్టి పోల్చడం సులువు. కానీ అనువాదంలో మూలవాక్యం పోలిక కచ్చితంగా దిగుతుంది. వాక్యనిర్మాణానికి ఆ పద్ధతి పనికిరాదు. భద్రిరాజు కృష్ణమూర్తిగారి మాండలిక వృత్తిపదకోశం మొదటి సంపుటం, వ్యవసాయ పదాలది, 1962లో వచ్చింది. నాగలిలో ఏ భాగాన్ని ఏ జిల్లాలో ఏమంటారో అందులో దొరుకుతుంది. మాటలకు అంత పని జరిగింది, వాక్యాలకు జరగలేదు. ఆ లోటు మీరు తీర్చాలి.

నెదర్లాండ్స్‌లో తీర్చుకున్నారు. డచ్చి మాండలికాల వాక్యనిర్మాణ అట్లాసుకు 267 చోట్ల మనుషుల్ని అడిగారు. 2005లో మొదటి సంపుటం, 2008లో రెండోది వచ్చాయి. ముందు తపాలాలో ప్రశ్నావళి, తర్వాత ముఖాముఖి, చివర మిగిలిన అనుమానాలకు ఫోను. వాళ్ళ దగ్గర మనం నేర్చుకోవలసింది ఒకటుంది. నగరం నుంచి వచ్చినవాడు అడిగితే ఊరివాళ్ళు తెలియకుండానే వాడి భాషలోకి జరిగిపోతారు. అందుకని ఆ ఊరి మాట మాట్లాడే మనిషికే తర్ఫీదిచ్చి వాళ్ళ చేతే అడిగించారు. మన దగ్గర ఇది ఇంకా గట్టిగా వర్తిస్తుంది. ‘సార్ వచ్చినారు’ అనగానే ‘పోతాండాడు’ కాస్తా ‘వెళ్తున్నారు’ అయిపోతుంది. అడిగే మనిషి ఆ ఊరి అన్నో అక్కో అయుండాలి. మీరు పక్కన కాదు, వరండాలో కూర్చోండి.

ఇప్పుడు ప్రశ్నల పట్టీ. తూకంగా కట్టకపోతే తర్వాత ఏ లెక్కా దాన్ని బాగుచేయలేదు. ఉపవాక్యం కర్త ‘తను’గానో ‘వాడు’గానో ఉండొచ్చు. క్రియ ‘పోతాను’గానో ‘పోతాడు’గానో ఉండొచ్చు. రెండును రెండుతో గుణిస్తే నాలుగు రకాలు. ఇలాంటి నాలుగేసి వాక్యాల కట్టలు 24 రాసుకోండి. అన్నిట్లో మగవాళ్ళే ఉంటే ‘డు’కు మాత్రమే జవాబొస్తుంది. కాబట్టి 12 కట్టల్లో రంగడు, 12 కట్టల్లో రంగమ్మ: ‘ఆయమ్మ తను పోతానని చెప్పింది’, ‘తను పోతాదని చెప్పింది’. ఒక మనిషికి ఒక కట్టలోంచి ఒకే వాక్యం వినిపించాలి. నాలుగూ వినిపిస్తే రెండో నిమిషానికే మీరేం వెతుకుతున్నారో పట్టేస్తారు. అందుకు నాలుగు జాబితాలు, ఒక్కోదాంట్లో 24 అసలు వాక్యాలు, రకానికి ఆరు చొప్పున.

ఆ 24 మధ్య 48 మరుగు వాక్యాలు, అంటే మనం వెతికేది బయటపడకుండా దాచేవి, కలపండి. 16 నిక్షేపంగా ఉన్నవి. 16 ఎవరూ అననివి, ‘నేను పోయినాడు’ లాంటివి. మిగతా 16 మధ్యరకం. ఈ మధ్యరకాన్ని దండగ చేసుకోవద్దు. కన్నడం ఎంత లోతుగా దిగిందో కొలిచే గజంబద్ద దీంట్లోనే పెట్టొచ్చు. ‘నువ్వు మంచోడివి’ బదులు ‘నువ్వు మంచోడు’ పెట్టండి. నామ విధేయానికి పురుష ప్రత్యయం చేర్చడం తెలుగు పద్ధతి, కన్నడంలో లేదు. ‘మేము’, ‘మనము’ తేడా మనకుంది, కన్నడంలో రెంటికీ ‘నావు’ ఒకటే. ఆడమనిషికీ ఆవుకూ మన క్రియలో ఒకే ‘ది’: ఆయమ్మ వచ్చింది, ఆవు వచ్చింది. కన్నడంలో ‘అవళు బందళు’, ‘అదు బంతు’ అని విడిపోతాయి. వీటికి వచ్చిన జవాబుల్ని ‘తను’ జవాబుల పక్కన పెట్టి చూస్తే, సరిహద్దులో తేడా కన్నడం వల్ల వచ్చిందా, మన మాండలికంలోనే మొదట్నించీ ఉందా అన్నది చర్చించడానికి ఆధారం దొరుకుతుంది.

మొత్తం 72 వాక్యాలు. వాక్యానికి పదిహేను సెకన్లు అనుకుంటే పద్దెనిమిది నిమిషాలు, ముందు ఆరు వాక్యాలు అలవాటుకు. అరగంట దాటితే మనిషి వినడం మానేసి తలాడిస్తాడు.

ఊరికి పన్నెండుగురు: మూడు వయసులు, ఆడ, మగ, చదువుకున్నవాళ్ళు, చదువుకోనివాళ్ళు. ఒక్కో వయసుకు నలుగురు పడతారు కాబట్టి నాలుగు జాబితాలూ ఆ నలుగురికీ పంచండి. పక్క ఊరికి పోయినప్పుడు ఎవరికి ఏ జాబితా అన్నది ఒక గడి జరిపి పంచండి. లేకపోతే ఏమవుతుందో చెప్తాను. పొద్దున్నే రచ్చకట్ట మీద దొరికేది పెద్ద వయసు మగవాళ్ళు. వచ్చినవాళ్ళకు వచ్చినట్టు మొదటి జాబితా ఇచ్చేస్తే, ఆ జాబితా వాక్యాలకు వచ్చిన జవాబు వాక్యానిదో వయసుదో ఎప్పటికీ తెలియదు. అయిదు ఊళ్ళు, అరవైమంది, 1440 జవాబులు, రకానికి 360. ఒక పరిశోధక విద్యార్థి ఒక ఏడాదిలో చేయగలిగిన పనే.

వాక్యాల్ని రాసి చూపించొద్దు, వినిపించండి. తెలుగు లిపిలో కనబడగానే బడి గుర్తొస్తుంది, పంతులు గుర్తొస్తాడు. ‘పోతాది’ రాసి చూపిస్తే చదువుకున్నవాడు ‘పోతుంది అనాల’ అని దిద్దుతాడు. మరి ఇంట్లో రోజుకు వందసార్లు అనేది ‘పోతాది’నే. ఏ ఊరి వాక్యాలు ఆ ఊరి గొంతులోనే రికార్డు చేయించండి.

ఇక్కడే బోర్డు మీది వాక్యం చెరిపేయాల్సి వస్తుంది. ‘వస్తాను’ ఈ పనికి పనికిరాదు. కడప జిల్లాలో ఎక్కువ చోట్ల ‘స్త’ పలికేటప్పుడు ‘చ్చ’ అవుతుంది. ‘చేస్తాడు’ ‘చేచ్చాడు’. ‘వస్తాడు’ ‘వచ్చాడు’. ‘వాడు రేపొచ్చాడు’ అంటే రేపు వస్తాడని. వచ్చిపోయినవాడి గురించైతే ‘వచ్చినాడు’. కృష్ణా, గుంటూరు వైపు చెవికి ‘వచ్చాడు’ అంటే వచ్చేశాడనే. ఇప్పుడు ‘రంగడు తను వచ్చానని చెప్పినాడు’ అని మైదుకూరు గొంతుతో రికార్డు చేసి రాయదుర్గంలో వినిపించామనుకోండి. ఒకచోట జరగబోయేది, ఒకచోట జరిగిపోయింది. అరవైమందిలో ఎవరు దేనికి జవాబు చెప్పారో తెలియదు, పట్టీ మొత్తం పాడు. ‘స్త’ లేని క్రియలే తీసుకోండి: పోతా, తింటా, దున్నుతా, అమ్ముతా, కొంటా, కడతా. ‘చూస్తా’, ‘చేస్తా’, ‘ఇస్తా’, ‘తెస్తా’ వద్దు.

రాసేటప్పుడూ ఇదే గండం. రికార్డింగులో ‘రేపొచ్చాడు’ వినబడుతుంది. రాసే కుర్రవాడు మంచి మనసుతో ‘రేపొస్తాడు’ అని రాస్తాడు. మాటను రాతగా మార్చే ఫోను సాఫ్ట్‌వేర్‌ను నమ్ముకుంటే ‘వచ్చాడు’ అని రాస్తుంది, చదివినవాడు భూతకాలం కింద లెక్కేస్తాడు. రెండూ తప్పే. రికార్డింగు వెంటే వరసలు వరసలుగా రాసుకునే ఎలాన్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతుంది, నెదర్లాండ్స్‌లో నైమేహన్‌లోని మాక్స్ ప్లాంక్ సంస్థ తయారుచేసింది, తెలుగు లిపి చక్కగా తీసుకుంటుంది. అందులో నాలుగు వరసలు, అంటే అంతస్తులు, పెట్టుకోండి. మొదటిది వినబడింది వినబడినట్టు. రెండోది వెతుక్కోవడానికి ఒకే రూపం. మూడోది ప్రత్యయాలు విడదీసి వాటి పని: పో, తా, ను, అని. నాలుగోది భావం. మొదటి అంతస్తును ఎవరూ, ఎప్పుడూ దిద్దకూడదు. ఈ కడపలోనే బ్రౌన్ దొర పండితుల చేత ప్రతుల్ని పక్కపక్కన పెట్టించి పాఠాంతరాలు పోల్పించాడు. ఒక ప్రతిలో ఉన్న పాఠం ఆ ప్రతిది. మనకూ ఒక మనిషి నోట వచ్చిన రూపం ఆ మనిషిది.

రికార్డింగు విషయం గబగబా చెప్తాను. ‘పోతానని’, ‘పోతాడని’ మధ్య తేడా ఒక్క హల్లు. ఫ్యాను తిరుగుతుంటే ‘న’ ఏదో ‘డ’ ఏదో పట్టలేరు. ఫ్యాను ఆపించండి, బోరు మోటారు ఆగేదాకా కూర్చోండి. కాలర్ మైకు గడ్డానికి జానెడు కింద. ఫైలు వేవ్ రూపంలో, 48 కిలోహెర్ట్జ్, 24 బిట్. ఒక మైకుకు గంటకు సుమారు 520 మెగాబైట్లు పడుతుంది, కార్డు దానికి తగ్గట్టు కొనండి. కుదించిన ఎంపీ3 వద్దు. వాల్యూము ముల్లు గట్టిగా మాట్లాడినప్పుడు మైనస్ 12 డెసిబెల్స్ దగ్గర ఆడాలి. వేరుశనగ విత్తే జూన్, జూలైలో ఊరికి పోవద్దు, ఎవరికీ తీరికుండదు. సమ్మతిని వాళ్ళ మాటల్లోనే రికార్డు చేయండి, పేరు బదులు గుర్తుసంఖ్య రాయండి. తర్వాత వద్దనుకుంటే తీసేస్తామని చెప్పండి, అడిగిననాడు నిజంగా తీసేయండి.

జవాబుల దగ్గర చాలామంది మోసపోతారు. ఒకటి నుంచి ఏడు దాకా అంకె వేయమని కాలేజీ పిల్లల్ని అడగొచ్చు. ఊళ్ళో మూడే చాలు: ‘మేమంటాం’, ‘మేమనం గానీ అనేవాళ్ళున్నారు’, ‘ఎవరూ అనరు’. ‘తప్పా ఒప్పా’ అని మాత్రం అడగొద్దు. ‘తప్పు’ అనే మాటలో నాలుగైదు సంగతులు ఉంటాయి. వ్యాకరణం కుదరలేదని కావచ్చు, పుస్తకంలో అట్లా ఉండదని కావచ్చు, పెద్దమనిషిని ‘వాడు’ అన్నారని కావచ్చు, రంగడు అట్లాంటి పని చేయడని కూడా కావచ్చు! ‘ఎవరూ అనరు’ అని వచ్చిన ప్రతిసారీ ‘మరెట్లా అంటారు?’ అని అడిగించండి. తిరిగి చెప్పేటప్పుడు ‘డ’ను ‘న’గా మార్చితే పొత్తు దగ్గరే ఇబ్బంది. ‘తను’ తీసేసి మిగతాది ఉంచితే ఇబ్బంది ఆ సర్వనామంతో. రంగడి బదులు సుబ్బయ్యను పెడితే ఆ జవాబు పక్కన పెట్టండి.

అర్థం వేరే విడతలో అడగాలి. ముందు ఈ పట్టీ, తర్వాత టీ, తర్వాత వేరే వాక్యాలతో ‘పోయేదెవరు?’ అనే ప్రశ్న. ‘రంగడు తను పోతాడని చెప్పినాడు’ అంటే పోయేది రంగడా, ఇంకొకడా? ‘తను’ను దగ్గరి మనిషికి మర్యాదగా వాడే అలవాటున్నవాళ్ళు ‘ఇంకొకరు’ అంటారు. ఒకే వాక్యానికి రెండు ప్రశ్నలూ వెంటవెంటనే వేస్తే మొదటి జవాబు రెండోదాన్ని లాగుతుంది. ఇంకో ఉచ్చు కూడా ఉంది. ‘రంగడు పోతానని చెప్పినాడు’లో రంగడు బయటి వాక్యం కర్తో లోపలి వాక్యం కర్తో తెలియదు. ‘రంగడు నిన్న సంతలో, తను పోతానని చెప్పినాడు’ అన్నట్టు మధ్యలో బయటి వాక్యానికి చెందిన మాటలు పెడితేనే గోడ కనబడుతుంది.

మాటామంతీ రికార్డు చేసి ఏరుకుంటే చాలదా అని అడగొచ్చు. కొన్నిటికి చాలు. ‘ఎద్దు కొన్నా’, ‘ఎద్దును కొన్నా’ లాంటి ద్వితీయా విభక్తి వాడకం గంట మాటల్లో బోలెడు దొరుకుతుంది. అప్పుడు ‘ను’ వచ్చిన చోట్లే కాదు, రాగలిగీ రాని చోట్లు కూడా లెక్కపెట్టండి. సామాజిక భాషాశాస్త్రవేత్త విలియం లబావ్ పట్టుబట్టింది దీనికే. ‘తను పోతానన్నాడు’ మాత్రం గంట మాటల్లో ఒకటో రెండో దొరికితే గొప్ప. దొరకనంత మాత్రాన వ్యాకరణంలో లేదని రాయకండి. లెక్కల్లో ఒకరిచ్చిన 24 జవాబుల్ని 24 మంది జవాబులుగా చూడొద్దు. మనిషినీ వాక్యాన్నీ రెండింటినీ యాదృచ్ఛిక కారకాలుగా (రాండమ్ ఎఫెక్ట్స్) పెట్టే గణాంక నమూనా వాడండి. మూడు మెట్ల జవాబు కాబట్టి మెట్ల వరసను లెక్కలోకి తీసుకునే క్రమ నమూనా (ఆర్డినల్ మోడల్) కావాలి. ఆర్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో దొరుకుతుంది.

ప్రశ్న: కర్నూలు, కడపల్లో ఉర్దూ మాట్లాడేవాళ్ళను ఈ పనిలో కలపొచ్చా?

కలపాలి, కానీ వేరే పట్టీతో. దక్కనీ ఉర్దూలో మన ‘అని’ చోట ‘బోల్కే’ కూర్చుంటుంది. ‘వానుందని పోలేదు’ అనే తెలుగు పక్కన ‘బారిష్ హై బోల్కే నై గయా’ పెట్టండి. కన్నడంలో ‘మళె బరుత్తె అంత హోగలిల్ల’. మూడింట్లోనూ చెప్పడమనే అర్థం నుంచి వచ్చిన మాటే కారణాన్ని మోస్తోంది. ‘అని’కి సరిసమానమైన మాట వచ్చినంత మాత్రాన ‘అని’ కింద జరిగే పురుషల పొత్తు కూడా దాంతో వచ్చిందా? అరువు తెచ్చుకున్నది మాటనా, దాని కింది నిర్మాణాన్నా? ‘తను’కు సరిపోయే సర్వనామం దక్కనీలో అదే పని చేయదు కాబట్టి మన నాలుగు రకాల పట్టీ యథాతథంగా దింపితే కుదరదు. ముందు కారణార్థంలో ‘బోల్కే’ ఎవరెవరు ఎంత వాడుతున్నారో ఒక విడత అడగండి. తర్వాత ‘బోల్కే’ ముందు ఉపవాక్యంలో కర్తను తీసేసి, క్రియ ఒక్కదాన్నే ఉత్తమ పురుషలోనూ ప్రథమ పురుషలోనూ వినిపించి పోయేదెవరని అడగండి. అడిగేది ఆ వీధి మనిషే కావాలి. తెలుగు వాక్యాన్ని చదివి అనువాదం చేయమంటే గ్రియర్సన్ కథ మళ్ళీ మొదటికొస్తుంది.